డ్యూటీకని బయలుదేరిన సైకిల్

ఉపేందర్ మంథనిలో ఒకామెను పెట్టుకున్నాడన్న మాట కాలనీలో మొదట ఎవరి నోట పుట్టిందో తేల్చడం ఇప్పుడు ఎవరి తరమూ కాదు. అడిగితే అందరూ "నేను విన్న" అంటారే గానీ "నేను అన్న" అనే మనిషి దొరకదు. నీళ్ల ట్యాంకర్ దగ్గర మంథనిగా ఉన్న ఊరు, కూరగాయల బండి దగ్గరికి వచ్చేసరికి కమాన్‌పూర్ అయింది. కిరాణం దుకాణంలో ఇందారం అయింది. జ్యోతినగర్‌లో ఇంజనీర్ల ఇళ్లలో పనికిపోయే రాజం అయితే ఇంకో మెట్టు ఎక్కి, అక్కడి గేటు పక్కన చెట్టుకు సైకిల్ ఆనించి ఉపేందర్ ఎవరి కోసమో ఎదురుచూస్తుంటే తన రెండు కళ్లతో చూశానని చెప్పింది. ఒక్క మనిషికి ఇన్ని ఊళ్లలో ఇంతమంది ఆడవాళ్లా, అదీ సైకిల్ మీద పోయి రావడమా అని ఒక్కరంటే ఒక్కరు ఆలోచించలేదు. నలభై దాటిన బొగ్గుబావి కార్మికుడికి అంత ఓపికే ఉంటే ఆ ఓపికను చూడటానికైనా జనం టికెట్ కొనుక్కుని పోవాలి.

ఆ మాట అబద్ధం. మంథనిలో లేదు, మరెక్కడా లేదు. అసలు ఉన్నదేమిటో తెలిసిన రోజున, ఆడమనిషి ఉన్నా బాగుండేది కదా అనిపించిందట తిరుమలకు. తిరుమల ఉపేందర్ భార్య. ఆమెకు తెలిసివచ్చిన వరసలోనే చెప్పుకుంటే ఎవరికైనా అర్థమవుతుంది.

ఉపేందర్ తండ్రి బుచ్చన్న తట్టలతో బొగ్గు మోసి టబ్బులు నింపిన కాలం మనిషి. మోకాళ్లు అరిగి, నాలుగడుగులకు ఒకసారి దగ్గు ఆపుకోవడానికి నిలబడే స్థితికి వచ్చాక, ఇక లోపలికి దిగడానికి పనికిరావని దవాఖానలో తేల్చారు. తండ్రి దిగడం మానితే కొడుకు దిగుతాడు. ఉన్న కాస్త చెలక ఎప్పుడో ఓపెన్‌కాస్టు గుంతలో కలిసిపోయింది కాబట్టి, ఆ ఇంటికి మిగిలిన ఆస్తల్లా ఆ ఉద్యోగమే. బుచ్చన్నకు అదొక గర్వం. ఒంట్లో బాగాలేదని ఉపేందర్ ఎప్పుడైనా ఒక రోజు ఆగితే, పొద్దంతా ముసలాయన మంచం మీద ముళ్లున్నట్టు మసిలేవాడు. ఆయన నోట ఒక మాట ఎప్పుడూ తయారుగా ఉండేది.

"బాయిల భయపడేటోడు తను సావడు, పక్కోణ్ణి సంపుతడు. భయమున్నోడు ఇంటి నడుమ మొగురం పట్టుకుని కూసోవాలె."

ఉపేందర్ చేసేది సపోర్టు పని. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దిమ్మలు నిలిపి, బోల్టులు బిగించే పని. తక్కినవాళ్లు అడుగు పెట్టకముందే తను పోయి కర్రతో పైకప్పును కొట్టి చూడాలి. ఖంగుమంటే రాయి గట్టిగా ఉన్నట్టు. ఖాళీ డబ్బా మోగినట్టు మోగితే లోపల పగులున్నట్టు. తను "బాగుంది" అన్నాకే మిగతావాళ్లు ఆ కప్పు కిందికి వస్తారు. మాటలు తక్కువ మనిషి. తిరుమల పది మాటలంటే ఒకటి అంటాడు, అదీ "ఊఁ" అవుతుంది. చిన్నప్పుడు ఊరినుంచి మంథని కాలేజీకి సైకిల్ మీదే పోయి వచ్చేవాడు. ఆ రోజుల గురించి అడిగితే మాత్రం రెండు మాటలు ఎక్కువ వచ్చేవి.

ఈ ఏడు చలి ఇంకా పూర్తిగా తగ్గకముందు ఆయన ఒక గేర్ల సైకిల్ తెచ్చాడు. జ్యోతినగర్‌లో ఎవరో ఇంజనీరు బదిలీ మీద పోతూ అస్గర్ దుకాణంలో వదిలేసి పోయిన సైకిల్. టైర్లు వేలెడు సన్నం, హ్యాండిల్ గొర్రె కొమ్ముల్లా కిందికి వంగి ఉంటుంది.

"బండి ఉండంగ ఈ గొర్రెపోతు ఏందయ్యా?" అంది తిరుమల.

"షుగర్ షురువైందట. తొక్కుమన్నరు."

"ఎవలు?"

"దవాఖానల."

అప్పటినుంచి మొదటి షిఫ్టుకు సైకిల్ మీదే పోవడం. మెడకు తువ్వాల, వెనక సంచిలో అన్నం టిఫిను, డ్యూటీ బట్టలు. లోపలికి ఫోన్లు తీసుకుపోనివ్వరు కాబట్టి ఫోను ఎప్పటిలాగే టీవీ పక్కన. బావికి పోయే మగవాణ్ణి గడప దాటేటప్పుడు ఎక్కడికి అనీ, ఎప్పుడొస్తావనీ ఆ ఇళ్లలో అడగరు. అపశకునం. వచ్చాక లోపల ఎలా ఉందనీ అడగరు. వచ్చాడు కదా, అదే చాలు. అడగని ఇంట్లో దాచుకోవడం ఎంత సులువో తిరుమలకు అప్పుడు తెలియదు.

తెలియదు గానీ, కొన్ని చూసింది. పడుకోబోయే ముందు ఆయన బూజుకర్ర తిరగేసి క్వార్టరు కప్పును ఒక మూల నుంచి ఇంకో మూల దాకా ఠక్కు ఠక్కున కొట్టేవాడు. బల్లుల కోసం అనుకుంది. కొట్టి కొట్టి, మంచం ఎత్తుకుని బయట వాకిట్లో వేసుకునేవాడు. ఉక్కగా ఉందేమో అనుకుంది, చలిలో ఉక్క ఏమిటని తర్వాత అనుకుంది. పక్క గదిలో బుచ్చన్న ఆ చప్పుడు వినిపించినంతసేపూ దగ్గడం కూడా ఆపి పడుకునేవాడు.

ఇంకొకటి చూసింది, అది ఎవరికీ చెప్పలేదు. ఇన్నేళ్లుగా ఆయన డ్యూటీ బట్టలు నానబెడితే బకెట్లో నీళ్లు తారులా నల్లగా దిగేవి. హోళీ నాటికి అవి ఎర్రగా దిగుతున్నాయి. మట్టి ఎరుపు. ఎవరూ చూడకముందే ఆ బకెట్‌ను మోరీలో గుమ్మరించింది. సరిగ్గా ఆ వారమే ఎదురింటి మల్లక్క ఎండుమిరపకాయల తొడిమలు తీసే వంకతో వచ్చి కూర్చుంది.

"నువ్వు తప్పుగ అనుకోకపోతె ఒక మాట తిరుమలా."

"అనుకునేటట్టుంటె చెప్పకు మల్లక్కా."

"మరి చెప్పకుంటె నాకు అన్నం దిగదాయె. మీ ఆయన మంథని రోడ్డు మీద కనవడ్డడట. డ్యూటీ టైంల."

"కనవడని. రోడ్డు మీ అత్తగారిదా?"

"అయ్యో, నన్ను కొరుకుతవేందే! ఊరంత అంటుంటె నేను చెవిల దూది పెట్టుకోవాల్నా? ఎవలో ఒకామె ఉన్నదంటున్నరు."

తిరుమల నవ్వింది. మల్లక్క పోయేదాకా నవ్వుతూనే ఉంది. తర్వాత చేతులకున్న మిరపకారం మరిచి కళ్లు తుడుచుకుని, ఆ మంటకు వచ్చిన నీళ్లతోపాటు మిగతావి కూడా పోనిచ్చింది. అడుగుదామని నాలుగుసార్లు అనుకుంది. అడిగితే నిజం చెప్తాడేమోనన్న భయం ఒకటి. అడిగిన మాట మనసులో పెట్టుకుని లోపల పరాకుగా నడుస్తాడేమోనన్న భయం ఇంకొకటి. బావి పనివాడి భార్య మొగుడితో పోట్లాడాలన్నా షిఫ్టు చూసుకుని పోట్లాడాలి.

అలా ఆమె అడగక, ఆయన చెప్పక ఉండగా ఆ రోజు వచ్చింది.

పొద్దున పది దాటింది. కూతురు సహస్ర బడికి పోయింది. బుచ్చన్న వాకిట్లో ఎండకు వీపు పెట్టి కూర్చున్నాడు. రోడ్డు మీద రెస్క్యూ వాళ్ల బండి కూత పెట్టుకుంటూ పోయింది. దాని వెనక ఒక అంబులెన్సు. దాని వెనక ఇంకొకటి. కాలనీలో ఆ కూత విన్న ప్రతి ఇంటి తలుపూ తెరుచుకుంటుంది. ఆడవాళ్లు గడపల్లో నిలబడతారు గానీ ఒకరి మొహం ఒకరు చూసుకోరు. ఎవరి బావి అన్నది తేలేదాకా అంతే. మల్లక్క చెవికి ఫోను పెట్టుకుని రోడ్డు దాటి వస్తోంది. వస్తూ వస్తూ తిరుమలను చూసి ఆగిపోయింది. ఆ ఆగడంతోనే తెలిసిపోయింది.

"మీ ఆయనోళ్ల బాయేనట బిడ్డా. రూఫ్ పడ్డదట."

తిరుమలకు స్కూటీ తాళం ఎప్పుడు తీసిందో గుర్తులేదు. వెనక సీటు మీద బరువు పడింది. చూస్తే బుచ్చన్న. ఒక కాలికి రబ్బరు చెప్పు, ఒక కాలికి తోలు చెప్పు.

"మామా, నువ్వు ఇంట్ల ఉండు."

"పో. మాట్లాడకు, పో."

బావి గేటు దగ్గర అప్పటికే జనం. మైసమ్మ గుడి అరుగు మీద ఆడవాళ్లు కూలబడి ఉన్నారు. ఎవరూ గట్టిగా ఏడవడం లేదు. ఏడిస్తే నిజమవుతుందేమోనని అందరూ కొంగులు నోట్లో కుక్కుకున్నారు. లోపలికి పోయే ఇంక్లైన్ వాలు నోరు తెరిచి ఉంది, అందులోంచి మనిషి నీడ కనబడితే చాలు ఇంతమంది లేచి నిలబడుతున్నారు, కాదని తెలిసి మళ్లీ కూర్చుంటున్నారు. ఎవరు, ఎంతమంది అని అడిగితే ఆఫీసరు ఒకాయన "చూస్తున్నం, చూస్తున్నం" అంటూ చేతులతోనే చెప్తున్నాడు.

బుచ్చన్న ఎవరినీ అడగలేదు. కర్ర పొడుచుకుంటూ నేరుగా ల్యాంప్ రూం కిటికీ దగ్గరికి పోయాడు. దిగే ప్రతి మనిషీ తలకు పెట్టుకునే దీపం అక్కడే తీసుకోవాలి, ఎక్కి వచ్చాక అక్కడే పెట్టాలి. ప్రతి దీపానికీ ఒక నంబరు, ఒక గూడు. గూడు ఖాళీగా ఉంటే మనిషి లోపల ఉన్నట్టు. ఏళ్లకేళ్లు తనదే అయిన విద్య అది. ఎవరి మాటా నమ్మకు, గూడు చూడు.

తిరుమల దూరం నుంచి మామ వీపును చూస్తోంది. ఆ వీపు కదలలేదు. తర్వాత మెల్లగా ఇటు తిరిగింది.

"దీపం ఉన్నది" అన్నాడు బుచ్చన్న. "వాని దీపం గూట్లనే ఉన్నది."

తిరుమల అక్కడే మట్టిలో కూర్చుండిపోయింది. రెండు చేతులూ ఎత్తి మైసమ్మ దిక్కు మొక్కింది. పక్కనున్న ఆడమనిషి ఎవరో ఆమెను చూసి మొహం తిప్పుకుంది. ఆ తిప్పుకోవడం కూడా తిరుమలకు కనబడలేదు. దిగలేదు. మనిషి దిగలేదు. సంతోషం గుండెల్లో నిండి పొంగి, ఆ పొంగు కాస్త చల్లారాక కదా ప్రశ్న లేచింది. దిగకపోతే మరి ఎక్కడ?

కిటికీ అవతలి నుంచి ల్యాంప్ రూం భూపాల్ తల బయటికి పెట్టాడు.

"కాకా, మీవోడు హోళి ముంగటి సందే వస్తలేడు గద. మీకు తెల్వదా?"

"వస్తలేడా?"

"ఒక్క మస్టర్ పడలే. నోటీస్ గూడ వస్తదంటున్నరు. గిట్లనే నాగాలు వెడితె తీసేస్తరు కాకా, జెర చెప్పుండ్రి."

తిరుమలకు మంథని గుర్తుకొచ్చింది, ఎర్ర నీళ్లు గుర్తుకొచ్చాయి. లేచి కిటికీ ఊచలు పట్టుకుంది. అంతలో జనం ఒక్కసారిగా ముందుకు తోసుకున్నారు. ఇంక్లైన్ వాలులోంచి మనుషులు ఎక్కి వస్తున్నారు. ఒకణ్ణి స్ట్రెచర్ మీద తెస్తున్నారు, నొప్పికి అరుస్తున్నాడు. అరిచేవాడు బతికి ఉన్నట్టే. వాళ్ల వెనకే ఉపేందర్ జతగాడు కిషన్, కళ్లు తప్ప అంతా నలుపే, బయటికి వస్తూనే చేతులు పైకెత్తి కేకేశాడు.

"అందరొచ్చినం! ఎవ్వలు పోలే! రుత్విక్‌ది కాలిరిగింది, అంతే! అందరొచ్చినం!"

అప్పుడు మొదలైంది అసలు ఏడుపు. ఆ గోలలో తిరుమల కిషన్ మోచేయి పట్టుకుంది.

"కిషనన్నా, ఆయన ఎందుకు వస్తలేడు? నీకు తెల్సా?"

కిషన్ ఆమెను చూశాడు, బుచ్చన్నను చూశాడు. నోట్లోని బొగ్గు పక్కకు ఊశాడు.

"చెప్పలేదా మీకు? చెప్పడు తీ. పండుగకు ముంగట ఒకనాడు, వదినె, ఉపేందరే రూఫ్ కొట్టి చూసిండు. నేను పక్కనే ఉన్న, నేను గూడ విన్న. మంచిగనే మోగింది. బాగుందన్నడు. నలుగురం పోయి ఆ రూఫ్ కింద కూసున్నం. మల్ల చాయ్ తాగుదామని ఇవతలికి వచ్చినమో లేదో, ఎనుక ధడేల్‌మన్నది. మేం కూసున్న జాగల మంచమంత బండ."

"ఎవలకన్నా...?"

"ఎవ్వలకు ఏం గాలే. దుమ్ము దులుపుకొని నవ్వుకున్నం గూడ. ఆయన నవ్వలే. తెల్లారి వచ్చిండు, కట్టె పట్టుకున్నడు, కొట్టిండు, చెవి పెట్టిండు, మల్ల కొట్టిండు. ఎంత కొట్టినా బాగుందని అంటలేడు. పని చూసే ఓవర్‌మెన్ తిట్టిండు. ఆ మరుసటి దినం సంది రాలే."

బుచ్చన్న కర్ర మీద రెండు చేతులూ వేసి నేలను చూస్తున్నాడు.

"కప్పు కొడుతుంటె విన్న" అన్నాడు, ఎవరికి చెప్తున్నాడో తెలియకుండా. "రోజు విన్న. బల్లులకు కొట్టే సప్పుడు గాదది. నాకు తెల్వదా? అడుగుత అడుగుత అనుకుని అడగలే."

తిరుమల ఏదో అనబోయింది. పక్కనే ఒక పిల్లవాడు ఫోనులో ఎవరితోనో అరిచి చెప్తున్నాడు: "అయిదుగురట అన్నా! అయిదుగురు అక్కడికక్కడ్నే!" కిషన్ వాణ్ణి ఒక్కటి అంటించబోయాడు. "ఎవ్వలు సావలేరా, నీ నోరు పడిపోను!" కానీ వాడి చేతిలోది ఒక్క ఫోను. గేటు దగ్గర అలాంటివి వంద ఉన్నాయి.

అప్పుడు తిరుమలకు అసలు భయం పట్టుకుంది. ఇంతసేపూ పడ్డది దానికి పిల్ల. ఆయన ఇప్పుడు ఏ రోడ్డు మీదో ఉన్నాడు. జేబులో ఫోను లేదు. తన జాగాలో తను లేని రోజున, తన వాళ్ల మీద కప్పు కూలిందని ఏ చాయ్ హోటల్లోనో వింటాడు. అయిదుగురని వింటాడు. విని?

"మామా, ఎక్కు" అంది.

ఎటు పోవాలో తెలియక ముందు అస్గర్ దుకాణానికి పోయింది. గాలి కొట్టించుకోవడానికి ఉపేందర్ ఆగేది అక్కడే. అస్గర్ ఒక చక్రాన్ని నీళ్ల తొట్టిలో తిప్పుతున్నవాడు వీళ్ల వాలకం చూసి లేచాడు.

"అస్గరన్నా, దాచకు. ఆయన రోజు ఎటు పోతడు?"

అస్గర్ చేతులు తుడుచుకోవడంలో చాలా సేపు తీసుకున్నాడు. "ఒక్క దిక్కు గాదు చెల్లె. ఒకనాడు మంథని రోడ్డు పట్టుకుని రామగిరి గుట్ట దాక. ఒకనాడు అంతర్గాం మీదికెళ్లి డ్యామ్ దాక. బసంత్‌నగర్ పోతడు, కమాన్‌పూర్ పోతడు. సచ్ చెప్తున్న, నేను గూడ ఆడమనిషి కథే అనుకున్న. కని గింత తిరుగుడు తిరిగెటోడు ఎవతె దగ్గర ఆగుతడని నాకే షక్ వచ్చింది. ఇయ్యాల గోదావరి దాటుత అన్నడు."

"ఇందారం దిక్కా?"

"అవ్. నా బామ్మర్ది నౌమాన్‌ది ఆడ చాయ్ హోటల్ ఉన్నది. ఠైరో, జెర ఆగు." ఫోను కలిపాడు. "నౌమాన్, వో గేర్ సైకిల్ వాలే భాయ్ ఆయే క్యా ఉధర్?" అని అడిగి, వింటూ వింటూ తిరుమల దిక్కు వీపు తిప్పాడు. ఆ తిప్పడం ఆమెకు నచ్చలేదు.

"చెప్పన్నా."

"వచ్చిండట. చాయ్ చెప్పిండట. పక్క టేబుల్ల బాయి ముచ్చట వచ్చిందట, అయిదుగురు పోయిండ్రని. చాయ్ ముట్టకుండనే లేచిండట. పైసలు గూడ ఇయ్యలేదట." ఫోను జేబులో పెట్టాడు. "బ్రిడ్జి మీదికి పోయిండట. ఫికర్ చెయ్యకు చెల్లె, నేను ఎనుక వస్త, నువ్వు జల్ది పో."

బ్రిడ్జి అన్న మాట ఇక ఆమె చెవిలోంచి పోలేదు. గోదావరి మీద బ్రిడ్జి. అంత ఎత్తు. అడుగున అన్ని నీళ్లు.

రాజీవ్ రహదారి మీద ఎదురుగా, పక్కగా, వెనకగా బొగ్గు టిప్పర్లు. ఒక్కొక్కటి పక్కనుంచి పోతే స్కూటీ వణికి పక్కకు ఊగుతోంది, బొగ్గు పొడి మొహాన కొడుతోంది. ఈ రోడ్ల మీద, ఈ లారీల నడుమ, వేలెడు టైర్ల మీద రోజూ ఎలా పోయాడో అని ఒక దిక్కు గుండె కొట్టుకుంటోంది. వెనక బుచ్చన్న ఆమె భుజాన్ని పీకి చేతిలో పెట్టుకునేలా పట్టుకున్నాడు.

"మెల్లగ పో! ఓ బిడ్డా, మెల్లగ! ఆగో, వచ్చె, వచ్చె, వచ్చె!"

"కండ్లు మూసుకో మామా!"

"మూస్తె ఇంక భయమైతుందే!"

ఆ ఇంట్లో కోడలై అడుగుపెట్టినప్పటినుంచి ఆ ముసలాయన తనకు భయమని అనడం తిరుమల ఎప్పుడూ వినలేదు. ఆ సమయంలో అది ఆమెకు పట్టలేదు. యాక్సిలరేటర్ ఇంకా తిప్పింది.

బ్రిడ్జి మొదట్లోనే జనం గుంపు. పదిపదిహేను మంది రెయిలింగ్ మీద నుంచి కిందికి వంగి చూస్తున్నారు. ఒకడు వేలితో నీళ్లలోకి చూపిస్తున్నాడు. తిరుమల బ్రేకు వేయలేదు, స్కూటీ దానంతటదే పోయి అంచుకు తగిలి ఆగింది. దిగకుండా హ్యాండిల్ పట్టుకునే ఉంది. బుచ్చన్న దిగి, ఆ గుంపులోకి కర్ర అడ్డంగా పెట్టి తోసుకుంటూ పోయి కిందికి చూశాడు. ఎంతసేపు చూశాడో. వెనక్కి తిరిగి ఆమె దిక్కు చెయ్యి ఊపాడు, రా రా అన్నట్టు, కాదు కాదు అన్నట్టు, రెండూ కలిపి.

"చాపలు!" అని అరిచాడు. "చాపలే! వలేసిండ్రు! చాపలకు బేరమాడుతున్నరే, వీళ్ల ఇల్లు కూల!"

గుంపులో ఒకాయన కోపంగా ఈయన దిక్కు తిరిగాడు. "ఏంది పెద్దమనిషీ, శాపనార్థాలు పెడుతున్నవ్? నీకు గూడ కావాల్నా, రవ్వు చాప ఉన్నది."

తిరుమలకు నవ్వో ఏడుపో తెలియనిది వచ్చింది. అప్పుడే ఆమె కళ్లు బ్రిడ్జి మధ్యకు పోయాయి. రెయిలింగ్ పక్కన తలకిందులుగా నిలబెట్టిన సైకిల్, దాని పక్కన గొంతుకూర్చున్న మనిషి. చక్రం విప్పి ట్యూబు ఎక్కించడానికి చూస్తున్నాడు, అది జారిపోతోంది. మళ్లీ ఎక్కిస్తున్నాడు, మళ్లీ జారుతోంది. మొహం ఇటే, గోదావరిఖని దిక్కే.

వీళ్లను చూసి లేచాడు. చేతిలో ట్యూబు అలాగే ఉంది.

"ఎవలు?" అన్నాడు. "ఎవలు పోయిండ్రు? కిషన్ ఉన్నడా? టైరు పలిగింది తిరుమలా, ఒక్క లారోడు ఆపుతలేడు. బాయికి పోవాలె నేను. ఎవలు పోయిండ్రు చెప్పు."

"ఎవ్వలు పోలే."

"అయిదుగురన్నరు."

"అబద్ధం. నేను బాయి మీదికెళ్లే వస్తున్న. రుత్విక్ కాలు ఇరిగింది. కిషన్ నాతోటి మాట్లాడిండు. మైసమ్మ తోడు, ఎవ్వలు పోలే."

ఉపేందర్ బ్రిడ్జి అంచు మీద కూర్చుండిపోయాడు. మోకాళ్ల మధ్య తల పెట్టుకున్నాడు. తిరుమల ముందు వీపు మీద ఒకటి వేసింది, తర్వాత అదే చేత్తో ఆ వీపు నిమిరింది.

"నీ దీపం గూట్ల ఉన్నదని మొక్కిన. ఇంట్ల నీకు సద్ది కడుతున్న రోజు, నువ్వేమో ఊర్లు తిరుగుతున్నవ్. ఊరంత ఏమంటున్నరో ఎరికేనా? మంథనిల ఒకామెను పెట్టుకున్నవట."

ఆయన తల ఎత్తాడు. "మంథనిలనా?"

"ఇందారంల ఒకామె. జ్యోతినగర్‌ల ఒకామె."

"జ్యోతినగర్‌ల నీడకు ఆగిన. పంపు కొట్టుకుంటందుకు." ఒక్క క్షణానికి ఆయన పెదవి కొస వంకర పోయింది. వెంటనే సర్దుకుంది. "పొద్దుగాల బాయి దిక్కే పోత తిరుమలా. రోజు పోత. గేటు కనవడంగనే సైకిల్ దానంతటదే పక్కకు తిరుగుతది. ఇగ ఆగొద్దనిపిస్తది. ఆగితె ఎవలన్న అడుగుతరని, షిఫ్టు ఇడిసేదాక తొక్కుత. మోదుగుపూలు పూసినయి రామగిరి కింద. డ్యూటీ బట్టలు మట్టిల పరుసుకుని సద్ది ఆడ తింట. పైన ఏముండదు ఆడ. ఉత్త మొగులు."

టిప్పర్ ఒకటి పోయింది. బ్రిడ్జి అడుగునుంచి అదిరింది. బుచ్చన్న రెండు చేతులతో రెయిలింగ్‌ను కరిచి పట్టుకుని, అది పోయేదాకా కళ్లు మూసుకున్నాడు. చెప్పులు లేకుండానే నిలబడి ఉన్నాడు, ఆ రెండు జాతుల చెప్పులూ ఎక్కడ జారాయో ఏమో. ఏమంటాడో అని తిరుమల ఆయన దిక్కే చూసింది. నోటీసు మాట తీస్తాడనుకుంది. తను ఇచ్చిన ఉద్యోగం, తను పోగొట్టుకున్న మోకాళ్లు, పక్కోణ్ణి సంపుతడు అన్న ఆ మాట, అన్నీ వరసగా వస్తాయనుకుంది. అడ్డం పడదామని ఒక అడుగు ముందుకు కూడా వేసింది.

బుచ్చన్న రెయిలింగ్ వదిలి, కర్ర మీద బరువు వేసి, కష్టం మీద కొడుకు పక్కన అంచు మీద కూలబడ్డాడు. చాలాసేపు దగ్గాడు. కొడుకు చేతిలోని ట్యూబును తీసుకుని తన ఒళ్లో పెట్టుకున్నాడు, ఎందుకో ఆయనకే తెలియనట్టు.

"ఉపేందరూ."

"ఊఁ."

"భయమైతుందారా నీకు?"

ఉపేందర్ తల తిప్పి తండ్రి మొహం చూశాడు. అక్కడ ఏమి చూశాడో గానీ, ఇన్ని రోజులూ ఏ రోడ్డు మీదా దించుకోలేనిది నోటిదాకా వచ్చింది.

"అయితుంది నాయినా. బాయిల దిగాలంటె అయితుంది. ఇగ దిగనని నీకు చెప్పాలంటె దానికంటె ఎక్కువైతుంది."